సాలెపురుగు మీద నింద వేసే ముందు
(కరణ్‌కోటలో జరిగిన ఆరోగ్య అవగాహన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈసారి సాలెపురుగు గురించి మాట్లాడతాను అన్నప్పుడు మా ఆసుపత్రిలోనే కొందరు నవ్వారు. "సిస్టర్, బీపీ గురించి చెప్పండి, షుగర్ గురించి చెప్పండి, సాలెపురుగు గురించి ఎవరైనా చెప్తారా?" అన్నారు. కానీ వానాకాలం మొదలైతే చాలు, మా దగ్గరికి వచ్చేవాళ్ళలో "సాలెపురుగు కుట్టింది" అనే మాట వినని వారం ఉండదు. వాళ్ళలో నిజంగా సాలెపురుగు కుట్టినవాళ్ళు చాలా కొద్దిమంది. మిగిలినవాళ్ళకు ఉన్న జబ్బు వేరు. అది తెలియక ఆలస్యం చేస్తే కాలు పోవచ్చు, కన్ను పోవచ్చు, ప్రాణమే పోవచ్చు. అందుకే ఈ మాటలు.

నా తప్పుతోనే మొదలుపెడతాను

ఇరవై ఏళ్ళకు పైగా గడిచింది. నేను నర్సింగ్ డిప్లొమా పూర్తి చేసి కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజులు. అప్పట్లో వేరే ఊళ్ళో ఒక చిన్న ఆసుపత్రిలో పనిచేసేదాన్ని. ఒక రాత్రి పన్నెండు దాటాక ఒక తల్లి పదేళ్ళ కొడుకును తీసుకువచ్చింది. పిల్లవాడు నేల మీద చాప వేసుకుని పడుకున్నాడు. నిద్రలో ఏదో చురుక్కుమంది అని లేచాడు. కడుపునొప్పి అంటున్నాడు. చేతికి, కాలికి ఎక్కడా గాటు కనబడలేదు, వాపు లేదు.

"సాలెపురుగు కుట్టింది సిస్టరమ్మా, చాప మీదనే ఉండె, చెప్పుతోని కొట్టి తెచ్చిన. సూది ఏసి పంపుండ్రి" అని ఆ తల్లి ఒక కాగితం పొట్లం చేతిలో పెట్టింది. విప్పి చూశాను. గోధుమరంగు సాలెపురుగు, దాని చుట్టూ కాగితం నిండా మట్టి రేణువుల్లాంటివి. నేను కూడా నమ్మాను. కేసు షీటు మీద "సాలెపురుగు కాటు" అని రాసి, టీటీ సూది వేసి, నొప్పి మాత్రలు ఇచ్చి పంపించాను. డాక్టరుగారిని నిద్ర లేపలేదు.

తెల్లవారుజామున మళ్ళీ తీసుకువచ్చారు. పిల్లవాడి కనురెప్పలు వాలిపోయాయి. మాట ముద్దగా వస్తోంది. గుటక పడటం లేదు. డాక్టరుగారు చూడగానే "ఇది కట్లపాము" అన్నారు. పాము విషానికి విరుగుడు మందు ఎక్కించారు. ఊపిరి ఆగిపోతుంటే గొంతులో గొట్టం వేసి, చేతితో గాలి సంచి నొక్కుతూ జీపులో హైదరాబాదు తీసుకువెళ్ళారు. అప్పటికి మా వైపు 108 అంబులెన్సు లేదు. ఆ పిల్లవాడు బ్రతికాడు. చాలా రోజుల తరువాత తల్లి చేయి పట్టుకుని నడిచి వచ్చి నాకు కనబడ్డాడు. కానీ నేను ఆ రాత్రి రాసిన రెండు మాటలు ఇప్పటికీ మరిచిపోలేదు.

తరువాత ఆ పొట్లాన్ని ఊరి బడిలో సైన్సు మాస్టారుకి చూపించాను. ఆయన భూతద్దం పెట్టి చూసి, "సిస్టర్, ఇవి మట్టి రేణువులు కావు, పిల్లలు. ఇది తోడేలు సాలీడు, పిల్లలను వీపు మీద మోసుకుపోతున్న తల్లి. దీని కాటుకు రెప్పలు వాలవు" అన్నారు. గుర్తు నా చేతిలోనే ఉంది, చదవడం నాకు రాలేదు.

తోడేలు సాలీడు అంటే ఏది?

ప్రపంచంలో శాస్త్రజ్ఞులు పేరు పెట్టిన సాలీళ్ళు 50,000 రకాలు దాటాయి. ఆ సంఖ్య 2022లో పూర్తయింది. వీటిని కుటుంబాలుగా విడదీశారు. తోడేలు సాలీళ్ళ కుటుంబం పేరు లైకోసిడే. గ్రీకు భాషలో "లైకోస్" అంటే తోడేలు. ఫ్రాన్సు దేశపు లాత్రెయ్ 1804లో "లైకోసా" అనే పేరు పెట్టారు. స్వీడన్ దేశపు సుందెవాల్ 1833లో దానినే కుటుంబం పేరుగా చేశారు. ఈ ఒక్క కుటుంబంలోనే 2,400కు పైగా రకాలు ఉన్నాయి. ఇవి గూడు కట్టి కూర్చోకుండా నేల మీద పరుగెత్తి వేటాడతాయి కాబట్టి ఆ పేరు వచ్చింది. తోడేళ్ళ లాగా గుంపుగా మాత్రం వేటాడవు. ఎవరి వేట వారిదే.

మన కరణ్‌కోట, తాండూరు చుట్టుపక్కల నాపరాయి బండల కింద, కంది చేలల్లో నెర్రెల మధ్య, గట్ల గడ్డిలో, బోరు కింద వేసిన వరి మడుల్లో వీటి కోసం వెతకండి. వాన పడి నెర్రెలు నిండితే ఆరిన చోటు వెతుక్కుంటూ ఇళ్ళలోకి కూడా వస్తాయి. వీటిని గుర్తు పట్టడానికి నాలుగు గుర్తులు చెప్తాను. పిల్లలకు కూడా నేర్పండి.

మొదటి గుర్తు, కళ్ళు. సాలీడుకు ఎనిమిది కళ్ళు. తోడేలు సాలీడులో అవి మూడు వరుసలుగా ఉంటాయి. కింది వరుసలో నాలుగు చిన్నవి, వాటిపైన ముందుకు చూసే రెండు పెద్దవి, తల మీద కాస్త వెనుకగా మరో రెండు. నాలుగు, రెండు, రెండు అని గుర్తు పెట్టుకోండి. రాత్రిపూట టార్చిలైటును మీ కంటి పక్కన పట్టుకుని గడ్డి మీదకు వేయండి. మంచు బొట్ల లాగా పచ్చగా, నీలంగా మెరిసే చుక్కలు కనబడతాయి. దగ్గరికి వెళితే చాలా చుక్కలు ఈ సాలీడు కళ్ళే. పిల్లి కన్ను మెరిసినట్టే ఇదీను.

రెండవ గుర్తు, గుడ్ల సంచి. ఆడ సాలీడు గుడ్లన్నిటినీ ఒక గుండ్రటి సంచిలో చుట్టి, పొట్ట చివర దారం తీసే చోట అంటించుకుని ఈడ్చుకుంటూ తిరుగుతుంది. వెనుక తెల్లటి మూట కట్టుకుని పరుగెత్తే సాలీడును చూస్తే, అది తోడేలు సాలీడే అనుకోవచ్చు. వేరే కుటుంబంలో కొన్ని సాలీళ్ళు సంచిని నోటితో పట్టుకుని పొట్ట కింద మోస్తాయి. ఆ తేడా చూడండి.

మూడవ గుర్తు, పిల్లలు. గుడ్లు పొదిగాక తల్లి సంచిని కొరికి విప్పుతుంది. పిల్లలు కాళ్ళ మీదుగా ఎక్కి వీపు మీద పొరలు పొరలుగా కూర్చుంటాయి. కొన్ని రోజులు తల్లి వాటిని అలాగే మోస్తుంది. చెప్పుతో కొడితే కాగితం నిండా "మట్టి" కనబడటానికి కారణం ఇదే.

నాలుగవ గుర్తు, రంగు. మట్టి రంగు, బూడిద రంగు, గోధుమ రంగు. తల మీద నుండి వెనక్కి ఒక పాలిపోయిన చార. అయితే రంగు ఒక్కటే చూసి నిర్ణయించవద్దు.

గోడ మీద ఎండ్రకాయ లాగా కాళ్ళు పక్కలకు చాచి, బల్లపరుపుగా అంటుకుని ఉండే పెద్ద సాలీడు తోడేలు సాలీడు కాదు. కిటికీ దగ్గర చెంగుచెంగున దూకే చిన్న సాలీడూ కాదు. ఇంకొక చిక్కు ఏమిటంటే, ఈ కుటుంబంలోనే గూడు కట్టేవి కూడా ఉన్నాయి. హిప్పాసా జాతివి గడ్డి మీద దుప్పటి లాగా గూడు పరిచి, మధ్యలో గరాటు లాంటి రంధ్రంలో కూర్చుంటాయి. చలికాలం పొద్దున గట్ల మీద మంచు పట్టి తెల్లగా మెరిసే గూళ్ళను మీరు చూసే ఉంటారు. గూడు కడుతుంది కదా అని దాన్ని వేరే కుటుంబంలో వేయకూడదు. కళ్ళు, గుడ్ల సంచి చూస్తే ఇంటిపేరు తెలుస్తుంది.

ఇంటిపేరు మీరు చెప్పగలరు, అసలు పేరు నిపుణులు చెప్పాలి

కుటుంబాన్ని గుర్తించడం ఇంటిపేరు చెప్పడం లాంటిది. ఏ రకమో చెప్పడం మనిషి పేరు చెప్పడం లాంటిది. దానికి సూక్ష్మదర్శిని కావాలి. పూర్తిగా ఎదిగిన సాలీడు కావాలి. ఆడదానికి పొట్ట కింద ఉండే జననాంగపు పలకను, మగదానికి తల ముందు ఉండే బుడిపెలను పరీక్షించి చెప్తారు. పిల్ల సాలీడును చూసి ఎంత పెద్ద నిపుణుడైనా రకం చెప్పడం కష్టం. మన దేశంలో జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు చెందిన టికాదర్, మల్హోత్రా 1980లో భారతదేశపు తోడేలు సాలీళ్ళ మీద పెద్ద గ్రంథం ప్రచురించారు. నిపుణులు ఈ నాటికీ దాన్ని తిరగేస్తారు.

నిపుణులు కూడా పేర్లు దిద్దుకుంటూ వచ్చారు. మన వరి పొలాల్లో తిరిగే ఒక తోడేలు సాలీడునే చూడండి. 1906లో బోసెన్‌బెర్గ్, స్ట్రాండ్ అనే ఇద్దరు జపాను నుండి దానిని వర్ణించి, "టరెంటులా" అనే జాతిలో పెట్టారు. తరువాత దాన్ని "లైకోసా"లోకి మార్చారు. పాత వ్యవసాయ పుస్తకాల్లో లైకోసా సూడోఆన్యులేటా అని కనబడేది ఇదే. ఇప్పుడు దాని పేరు పార్డోసా సూడోఆన్యులేటా. సాలీడు మారలేదు, మన చూపు మెరుగుపడింది. వీపు మీద పంగలకర్ర లాంటి గుర్తు, పొట్ట మీద తెల్ల మచ్చలు దాని ఆనవాళ్ళు.

ఇది రైతుకు ఎంత మేలు చేస్తుందో వినండి. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థ వాళ్ళు చెప్పేదాని ప్రకారం ఇది రోజుకు 5 నుండి 15 పురుగులను తింటుంది. వరిని ఎండబెట్టే సుడిదోమ దీనికి ఇష్టమైన ఆహారం. దాదాపు 80 పిల్లలు ఒక్కసారిగా తల్లి వీపు మీద ఎక్కవచ్చు. అవసరం లేకుండా మందు కొడితే ముందు చచ్చేది ఇదే. తరువాత దోమకు అడ్డు ఉండదు.

పేరు పొరపాటు పడితే ఏమవుతుంది?

ఇటలీ దేశంలో టరాంటో అనే ఊరు ఉంది. అక్కడి పెద్ద తోడేలు సాలీడుకు ఆ ఊరి పేరు మీదే "టరాంటులా" అని పేరు. అది కరిస్తే పిచ్చి పడుతుందని, విషం దిగాలంటే గంటల తరబడి నాట్యం చేయాలని అక్కడివారు శతాబ్దాల పాటు నమ్మారు. ఆ పొలాల్లోనే నిజంగా విషమున్న నల్ల విధవ సాలీడు జాతిది చిన్నదిగా, కంటబడకుండా ఉండేది. కంటికి పెద్దగా కనబడినది నింద మోసింది. తరువాత టరాంటులా అనే పేరు వేరే కుటుంబానికి చెందిన పెద్ద వెంట్రుకల సాలీళ్ళకు అంటుకుంది. 1899లో పోకాక్ అనే ఆయన మన గుత్తి ఊరి పేరుతో లోకానికి తెలిసిన నీలిరంగు సాలీడును వర్ణించారు. 2001లో అది నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో మళ్ళీ కనబడింది. దానినీ టరాంటులా అంటారు, కానీ అది తోడేలు సాలీడుకు చుట్టం కాదు.

ఇటలీ మాట పాతది అనుకుంటే, బ్రెజిల్ మాట వినండి. అక్కడ చర్మం నల్లబడి కుళ్ళిపోయే పుండ్లకు తోడేలు సాలీడే కారణమని డాక్టర్లే నమ్మారు. 1920లలో దానికి విరుగుడు సీరం కూడా తయారు చేశారు. 1990లో సావో పాలో డాక్టర్లు 515 తోడేలు సాలీడు కాట్లను పరిశీలించి ప్రచురించారు. ఒక్కరికి కూడా చర్మం కుళ్ళలేదు. ఎక్కువమందికి కాస్త నొప్పి మాత్రమే. ఆ పుండ్లు చేసేది వేరే గోధుమరంగు సాలీడు అని తేలింది. 2004లో ఆస్ట్రేలియాలో 45 కాట్లను పరిశీలించినప్పుడు కూడా ఒక్క కుళ్ళు పుండు కనబడలేదు.

అంటే చదువుకున్న డాక్టర్లు కూడా సాలీడును చూడకుండా నింద వేశారు. ఇక నేనెంత, మీరెంత? అందుకే పురుగును పట్టి, పేరు తెలుసుకుని, తరువాత మాట్లాడాలి.

"సాలెపురుగు" అని వచ్చేవాళ్ళకు నిజంగా ఉండేవి

1. కట్లపాము కాటు. రాత్రి నేల మీద పడుకున్నవారిని కరుస్తుంది. నొప్పి, వాపు దాదాపు ఉండవు. గాటు కనబడకపోవచ్చు. కడుపునొప్పి, వాంతి, తరువాత రెప్పలు వాలడం, గుటక పడకపోవడం, ఊపిరి అందకపోవడం. మన దేశంలో 2000 నుండి 2019 వరకు పాముకాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారని ఒక పెద్ద అధ్యయనం లెక్క కట్టింది. అంటే ఏటా సగటున 58,000 మంది. నిద్రలో ఏదో కుట్టి లేచినవారిని, ఏది కుట్టిందో తెలియకపోతే, పాము కాటుగానే అనుకుని ఆసుపత్రిలో 24 గంటలు కనిపెట్టి ఉండాలి.

2. షుగరు పుండు. కాలి మీద చిన్న పొక్కు నల్లబడి పెరుగుతుంది. "సాలెపురుగు కుట్టింది, పసరు పూసినం" అంటారు. రక్తం పరీక్ష చేస్తే షుగరు మూడు వందలు దాటి ఉంటుంది. అప్పటిదాకా వారికి షుగరు ఉన్నట్టే తెలియదు.

3. సర్పి. శరీరంలో ఒకవైపే పట్టీ లాగా మంట, నీటి పొక్కులు. "సాలెపురుగు ఉచ్చ పోసింది" అంటారు. ఇది చిన్నప్పుడు వచ్చిన అమ్మవారి పొక్కుల వైరసే మళ్ళీ లేవడం. మూడు రోజుల లోపల మందు మొదలుపెడితే మంచిది. నుదుటి మీద, కంటి దగ్గర వస్తే ఆ రోజే రావాలి.

4. దీపం పురుగు మంట. వానాకాలంలో లైటు దగ్గరికి చీమ లాంటి నలుపు, నారింజ రంగు పట్టీల పురుగు వస్తుంది. అది కుట్టదు. ఒంటి మీద నలిపితే దాని రసం తగిలిన చోట గీత లాగా బొబ్బలు వస్తాయి. నలపకుండా ఊదేసి, సబ్బుతో కడగండి.

5. స్క్రబ్ టైఫస్. ఎక్కువ జ్వరం, తలనొప్పి, చంకలోనో గజ్జలోనో నొప్పి లేని నల్లటి చెక్కు. ఇది పొదల్లో ఉండే కనబడీ కనబడని సన్న పురుగు వల్ల వస్తుంది. సరైన మందు పడితే త్వరగా తగ్గుతుంది, ఆలస్యమైతే ప్రాణం మీదకు వస్తుంది.

నిజంగానే తోడేలు సాలీడు కరిస్తే?

చేతికి నలిగినప్పుడో, చెప్పులో, బట్టలో చిక్కినప్పుడో మాత్రమే కరుస్తుంది. కందిరీగ కుట్టినంత నొప్పి, కొద్దిగా ఎరుపు, దురద ఉంటాయి. సబ్బుతో, మంచినీళ్ళతో కడగండి. చన్నీళ్ళ గుడ్డ వేయండి. నొప్పి ఎక్కువైతే పారాసిటమాల్ మాత్ర చాలు. టీటీ వేయించుకుని ఎంతకాలమైందో చూసుకోండి. ఎరుపు పాకినా, చీము పట్టినా, జ్వరం వచ్చినా డాక్టరుకు చూపించండి. ముఖం వాచినా, ఆయాసం వచ్చినా అది అలెర్జీ, వెంటనే రావాలి.

చేయకూడనివి: బ్లేడుతో కోయవద్దు. నోటితో పీల్చవద్దు. తాడు బిగించవద్దు. సున్నం, పసరు, పొగాకు పూయవద్దు. మంత్రం కోసం ఆగవద్దు.

పాము అని అనుమానం ఉంటే కాలు చేయి కదలకుండా ఉంచి 108కి ఫోన్ చేయండి, తాండూరు ప్రభుత్వ ఆసుపత్రికి బయలుదేరండి. పాము కోసం వెతుకుతూ సమయం పోగొట్టవద్దు.

కుట్టిన పురుగు దొరికితే నుజ్జు చేయకండి. గాజు గ్లాసు బోర్లించి, కింద అట్ట తోసి పట్టండి. సెల్‌ఫోనులో పైనుంచి ఒకటి, ముఖం వైపు నుంచి ఒకటి ఫోటో తీయండి. అయితే పురుగు దొరికింది కదా అని అదే కరిచిందని తేల్చేయకండి. చాప మీద ఉన్నంత మాత్రాన అది దోషి కాదు. ఈ మాట నాకు నేర్పడానికి ఒక పిల్లవాడు చావు అంచుదాకా వెళ్ళి రావలసి వచ్చింది.

రాత్రి మంచం మీద పడుకోండి, దోమతెర పరుపు కిందికి దోపండి. బండల పని, చేను పని చేసేవాళ్ళు చెప్పులు, బట్టలు దులిపి వేసుకోండి. ఇంటి గోడ పక్కన బండలు, కట్టెలు పేర్చవద్దు.

ఈ రాత్రి మీ పిల్లలను పిలిచి, చేతికి టార్చి ఇచ్చి, కాళ్ళకు బూట్లు వేసి, వాకిట్లో గడ్డి మీద మెరిసే కళ్ళను చూపించండి. నాలుగు, రెండు, రెండు అని లెక్కపెట్టించండి. రేపు ఎప్పుడైనా మీ ఇంట్లో ఎవరికైనా రెప్ప వాలితే, "సాలెపురుగు కుట్టింది, దానికి ఇట్లా కాదు" అని మొదట చెప్పేది ఆ పిల్లలే కావచ్చు.

 అనుమానం ఉంటే ఏ వేళైనా ఆసుపత్రికి రండి. ఇప్పుడు నేను రాత్రి పన్నెండింటికైనా డాక్టరుగారిని నిద్ర లేపుతాను.